తొమ్మిదో బెజ్జం

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరికీ దుమ్మంటే భయం. నీళ్లంటే ఎవరికీ భయం ఉండేది కాదు, భయపడేటన్ని నీళ్లు ఏడాదికోసారైనా కళ్లజూస్తే కదా. మాది మంగంపేట గనులకు దగ్గర్లో ఒక చిన్న పల్లె. గనుల్లో తవ్విన ముగ్గురాయిని చుట్టుపక్కల మిల్లుల్లో పిండి కొట్టేవాళ్లు. ఆ తెల్లపిండి లారీల వెంబడి లేచి ఇళ్ల కప్పుల మీద, చింతచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఆఖరికి మా కనుబొమల మీద కూడా వాలేది. పొద్దున నూనె పెట్టి జడ వేసుకుని బడికి పోయిన పిల్లలం సాయంత్రానికి తల నెరిసి తిరిగొచ్చేవాళ్లం. అన్నంలో పళ్ల కింద కరకరమన్నా వండినవాళ్లను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, లారీని తిట్టుకుని తినేవాళ్లు.

మా అమ్మ పెళ్లయిన కొత్తలో ఒక మిల్లులో పిండిసంచుల మూతులు కుట్టే పనికి పోయేది. తర్వాత ఆమె ఆ పని మానేసింది గానీ దగ్గు మాత్రం ఆమెను మానలేదు. దుమ్ము సోకితే చాలు, ముఖం ఎర్రబడి, కళ్లవెంట నీళ్లు కారి, గోడ పట్టుకుని నిలబడిపోయేదాకా దగ్గేది. ఆ దగ్గు ఆగేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని. నేను పీల్చకుండా ఉంటే ఆమెకు ఇంకొంచెం గాలి దొరుకుతుందని నా తెలివి.

మా నాయన అదే మిల్లు యజమానికి కారు నడిపేవాడు. ఆ యజమాని భార్య జబ్బుచేసి ఆసుపత్రిలో చనిపోయింది. ఆయనకు ఊరు మీద మనసు విరిగి, మిల్లు ఎవరికో అప్పజెప్పి వెళ్లిపోతూ తన పాత నల్లకారును మా నాయన చేతిలో పెట్టాడు. నాయన దాన్ని బాడుగకు తిప్పేవాడు. పెళ్లికొడుకులనూ, రైలెక్కే వాళ్లనూ, పురిటి మంచం నుంచి లేచిన వాళ్లనూ అదే కారులో మోసేవాడు. ఇంట్లో ఎవరమూ ఆ కారును ముట్టుకోగూడదు. ఒకసారి దాని మీది దుమ్ములో వేలితో నా పేరు రాసుకున్నాను. రేకు మీద గీత పడిందని నాయన నా చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆయన చెయ్యి చాలా పెద్దది. నా చెవిలో జుయ్యిమనే మోత మరునాటిదాకా పోలేదు.

ఇక నేను చేసిన పని ఇక్కడే చెప్పేస్తాను. దాచుకుంటే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను, మళ్లీ నేనే దాచుకోవడం బాగుండదు.

నాకు పదేళ్లప్పుడు అమ్మ కడుపుతో ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఒక బిడ్డ ఇంట్లోనే పుట్టి, ఏడవకుండానే పోయింది. ఈసారి కాన్పు ఇంట్లో వద్దు, నెలలు నిండగానే కడప పెద్దాసుపత్రికి వచ్చేయమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ ఎండాకాలంలో అమ్మను చూపించడానికి నాయన కారులో రాజంపేటకు తీసుకుపోయాడు. నేనూ పోయాను. అద్దాలన్నీ ఎత్తి ఉన్నా కారులోపల పిండి లేస్తూనే ఉంది. అమ్మ దారిపొడవునా దగ్గింది, ఒక చేత్తో నోటికి కొంగు, ఒక చేత్తో కడుపు పట్టుకుని. ఆ చెయ్యి కడుపు మీద అట్లా అదుముకుని ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. ఆ దగ్గుకు బిడ్డ ఊడి పడిపోతుందేమో అనుకున్నాను.

ఇంటికొచ్చాక నాయన భోజనానికి కూర్చున్నప్పుడు నేను కారు కింద వంగి చూశాను. ప్రతి తలుపు అడుగునా రెండేసి చిన్న బెజ్జాలు, వాటి చుట్టూ పిండి గుండ్రంగా పేరుకుని ఉంది. దొంగ దారి దొరికిందని నాకు సంతోషం పట్టలేదు. మధ్యాహ్నం పెద్దవాళ్లు నడుం వాల్చే వేళ, రోడ్డు మీద ఎండకు కరిగిన తారు గీకి తెచ్చాను. నా ఆకుపచ్చ పావడా అంచు చింపి, పేలికల్ని తారులో ముంచి, ఉండలు చేసి బెజ్జాల్లో కుక్కాను. నాలుగు తలుపులకు ఎనిమిది. పోతూ పోతూ ఇంకొకటి కనబడింది. ముందుచక్రం వెనక, మేక పొదుగులాగా వేలాడుతున్న ఒక రబ్బరు గొట్టం. దానికీ నోరు ఉంది కాబట్టి దాంట్లోనూ ఒక ఉండ పెట్టాను. అది తొమ్మిదో బెజ్జం.

మళ్లీసారి ప్రయాణంలో అమ్మ సగం కూడా దగ్గలేదు. నాయన తాను తలుపులకు అంటించిన కొత్త రబ్బరు పట్టీ మహిమ అని నలుగురికీ చెప్పుకున్నాడు. నేను లోపల మురిసిపోయాను గానీ నోరు తెరవలేదు. చెంప గుర్తొచ్చింది. తర్వాత నెలలు గడిచాయి, ఆ సంగతే మరిచిపోయాను.

దీపావళి పోయిన వారానికి తుపాను పట్టింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, తాను ఎరిగి అట్లాంటి వాన చూడలేదంది. నాలుగు రోజులు ముసురు. మూడోరోజు నాయన కారు తలుపు తీస్తే కాళ్ల కింది పట్టాలు తడిసి ముద్దగా ఉన్నాయి. అద్దాలు పైకి ఎత్తే ఉన్నాయి, కప్పు కారలేదు, సీట్లు పొడిగా ఉన్నాయి. నీళ్లు మాత్రం కింద ఉన్నాయి. నాయన పట్టాలు పిండి ఆరేశాడు. మర్నాటికి మళ్లీ తడి. లోపల పాతబావిలో వచ్చే వాసన.

దాని వెంటే శబ్దం మొదలైంది. కారు కదిలినప్పుడూ ఆగినప్పుడూ లోపల ఎక్కడో నీళ్లు గుళుక్కుమనేవి, బిందె నిండా నీళ్లు పెట్టుకుని ఎవరో పక్కన కూర్చున్నట్టు. మొదట విన్నది మా అవ్వే. గుడి నుంచి ఇంటిదాకా నాయన కారులో వస్తూ వింది. దిగీ దిగగానే గడప దగ్గర కాళ్లు కడుక్కుంటూ అంది.

"ఆయమ్మ దప్పికతో పోయిందిరా. ఆసుపత్రిలో నీళ్లు నీళ్లు అంటాంటే డాక్టర్లు ఒక్క గుక్క ఇయ్యనీలేదంట. తన కారు వెతుక్కుంటా వచ్చినాది."

చెప్పిన మనిషి చెప్పి లోపలికి పోయి పప్పు వండుకుంది. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. ఆ యజమాని భార్యను నేను ఎరుగుదును. నాకు బెల్లం మిఠాయి పెట్టిన మనిషే. బతికుండగా ఆమె అంటే నాకు ఏ భయమూ లేదు. ఇప్పుడు ఆమె ఎండిపోయిన పెదాలతో, ఎన్ని నీళ్లు దోసిట పట్టినా వేళ్ల సందుల్లోంచి కారిపోతూ, మా కారు వెనకసీట్లో కూర్చుని ఉన్నట్టు పట్టపగలే కనబడేది. మా ఎండ ఊళ్లో దప్పికతో పోవడం కంటే పెద్ద చావు లేదు. అందుకే ఆ మాట అందరూ నమ్మారు. రెండు వారాల్లో బాడుగకు పిలిచేవాళ్లు లేకుండా పోయారు. కారు మా ఇంటి ముందు చింతచెట్టు కింద నల్లగా నిలబడి ఉండేది. నేను బడికి పోవాలంటే దాని పక్కనుంచే పోవాలి. గోడకు వీపు ఆనించి, జరుగుతూ జరుగుతూ దాటేదాన్ని.

నాకు తోచిన ఉపాయం నేను చేశాను. పొద్దున్నే ఎవరూ చూడకుండా ఒక చెంబుడు నీళ్లు కారు వెనకచక్రం పక్కన పెట్టడం మొదలుపెట్టాను. తాగి దప్పిక తీర్చుకుని ఆమె దారిన ఆమె పోతుందని. బడి నుంచి వచ్చేసరికి చెంబు ఖాళీగా ఉండేది. కోళ్లు తాగి ఉంటాయని ఇప్పుడు నవ్వుకుంటాను. అప్పుడు ఖాళీచెంబు చూస్తే ఆమె నిజంగానే తాగిందనుకునేదాన్ని. ఒకరోజు నేను చెంబు తీసుకుపోయేసరికి అక్కడ ముందే ఇంకో చెంబు నిండుగా ఉంది. ఎవరు పెట్టారో తెలియలేదు. అవ్వ అయి ఉంటుందనుకుని, నాదీ దాని పక్కనే పెట్టి పరిగెత్తుకొచ్చాను. ఆ తర్వాత రోజూ అది అక్కడ ఉండేది.

ఇంతలో అమ్మకు నెలలు నిండాయి. ఆ కారులో కోడలు ఎక్కేది లేదని అవ్వ తెగేసి చెప్పింది. బస్సేమో తుపాను తర్వాత మా ఊరికి రావడం మానేసింది. దారిలోని వంక ఎప్పుడు పొంగుతుందో తెలియదు కాబట్టి డ్రైవర్లు పెద్దరోడ్డు మీదినుంచే మళ్లిపోతున్నారు. అంతదూరం అమ్మ నడవలేదు, ఎద్దులబండి కుదుపు తట్టుకోలేదు. ఇంట్లో ఉంచుకుందామంటే పోయినసారి ఇంట్లో ఏం జరిగిందో అందరికీ గుర్తే. నేను అన్నం ముందు కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని. ఎటు చూసినా అమ్మ పోతుందనే తేలేది.

చివరికి నాయన రాజంపేట నుంచి షెడ్డు మామను పిలిపించాడు. మామ అంటే బంధుత్వం కాదు. ఆయన సాయిబు, అక్కడ చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. నాయన ఆయన్ని భాయ్ అనేవాడు, మేము పిల్లలం మామా అనేవాళ్లం. నెరిసిన గడ్డం, కిరసనాయిలు వాసన, ఎంత తొందరలోనూ గొంతు పెంచని మనిషి. మళ్లీ పట్టిన వాన ఆరోజు పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. పెద్దరోడ్డు మీద దిగి, పంచె మోకాళ్లదాకా ఎగగట్టి, బురదలో నడిచి వచ్చాడు. అదే పొద్దున అమ్మకు నడుంనొప్పి మొదలైంది. ఇంకా నొప్పులు కావని అవ్వ అంటోంది గానీ పొయ్యి మీద వేడినీళ్లు పెట్టేసింది.

మామ మంచినీళ్లు కూడా తాగకుండా కారు దగ్గరికి పోయాడు. నాయనతో రెండు బారలు ముందుకు పోనిచ్చి ఆపించాడు. గుళుక్. తలుపు మీద చెవి పెట్టి మళ్లీ ఆపించాడు. గుళుక్. అవ్వ వసారాలోంచే దేవుణ్ణి తలుచుకుంది. మామ మాత్రం పిల్లకాయల అల్లరి విన్నవాడిలాగా తలూపి అడిగాడు.

"ముగ్గుపిండి ఉండాదామ్మా ఇంట్లో? మీ ఇంట్ల ముగ్గు ఎవురేస్తారు?"

అమ్మకు నెలలు వచ్చినప్పటి నుంచీ ఇంటిముందు ముగ్గు నేనే వేస్తున్నాను. అందరూ నావైపు చూశారు. ముగ్గుపిండి గిన్నె నా చేతిలో పెట్టి, కారులోపల కింద అంతటా, తలుపుల గడపల మీద, పలచగా సమంగా చల్లమన్నాడు మామ. పైనుంచి తాను నీళ్లు పోస్తానని, పొడి పిండి మీద ఎక్కడ తడి గీత పడితే అదే నీళ్లు వచ్చే దోవని చెప్పాడు. తాను దూరితే తన తడిబట్టలకు పిండి చెడుతుందట. పెద్దవాళ్ల కాళ్లు పట్టని చోట నా చెయ్యి పోతుందట.

నేను కాదనలేకపోయాను. వెనకసీటు మీదికి ఎక్కాను. నాయన తలుపు మూశాడు. ఆ తలుపు మూసిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతుంది. లోపల పాతబావి వాసన, అద్దాల అవతల మనుషుల నోళ్లు కదులుతున్నాయి గానీ మాటలు లేవు. ఎంత పలచగా చల్లాలనుకున్నా వేళ్లు వణికి పిండి కుప్పలుగా పడుతోంది. పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు చూడకుండా ముగ్గు పరిచాను. చూస్తే ఆమె ఉంటుంది, చూడకపోతే ఉండదు, అంతే నా లెక్క. మామ బయట అద్దం మీద చెంబుతో నీళ్లు పోయసాగాడు. ఒక చెంబు, రెండు, మూడు. పిండి తెల్లగానే ఉంది. నాలుగో చెంబుకు, తలుపుకు లోపలివైపు కొట్టిన అట్ట కిందినుంచి, నల్లటి తడి ఒకటి బయటికొచ్చింది. నా కాళ్లవైపే, వేలు చాపినట్టు, తెల్లటి పిండి మీద మెల్లగా సాగింది. నేను సీటు మీదికి కాళ్లు లాక్కుని కేక పెట్టాను. నాయన తలుపు తీసేదాకా కేక ఆపలేదు.

మామ నన్ను దించి, ఆ తడి గీత చూసి, "బాగా చల్లినావు పాపా, అక్షరం మాదిరి పడింది" అన్నాడు. తర్వాత నాయనతో అన్నాడు. "తలుపు కింద చెయ్యి పెట్టప్పా."

నాయన చెయ్యి చాపి, మధ్యలో వెనక్కి తీసుకున్నాడు. ఒక్క క్షణమే. అవ్వ చూడలేదు, మామ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నేను చూశాను. ఆ పెద్దచెయ్యి జంకింది. పెద్దవాళ్లకు కూడా అట్లా అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు, తెలిశాక ఇంకా ఎక్కువ భయమేసింది.

మామ ఇనపతీగ వంచి తలుపు అడుగున పొడిచాడు. రెండోపోటుకు లోపలినుంచి తుప్పుపట్టిన ఎర్రనీళ్లు దబదబా పడ్డాయి. బిందెడు ఉంటాయి. అన్ని రోజులూ గుళుక్కుమన్నవి అవే. నీళ్లతో పాటు నల్లటి ఉండ ఒకటి జారి మామ అరచేతిలో పడింది. ఆయన దాన్ని బొటనవేలితో నలిపాడు. తారులోంచి ఆకుపచ్చ పేలిక బయటపడింది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆ క్షణం దాకా నా భయం ఒక చచ్చిపోయిన మనిషి గురించి. ఇప్పుడు అదంతా ఎగిరిపోయి దాని చోట్లోకి బతికున్న మా నాయన వచ్చి కూర్చున్నాడు. నేను కట్టుకున్నది ఆ ఆకుపచ్చ పావడానే. దాని అంచు ఒకవైపు జానెడు మేర లేదు. మామ కళ్లు ఒక్కసారి నా పావడా మీదికి వచ్చి, ఆగి, వెళ్లిపోయాయి. పిడికిలి మూసి పేలికను జేబులో పెట్టుకున్నాడు.

"ఎవురో దీన్ని మూసినారు" అన్నాడు నాయనతో. "నీళ్లు లోపలికి రావడం తప్పు కాదప్పా. అద్దం సందులోంచి ఏ కారుకైనా తలుపులోకి దిగుతాయి. అందుకే కింద బెజ్జాలు పెడతారు. పోయే దోవ మూస్తే వచ్చినవి యాడికి పోతాయి? లోపల్నే నిండి, పొర్లి, కాళ్ల కిందికొస్తాయి."

"ఎవుడు మూసినాడు భాయ్? నా కారు మీద చెయ్యేసింది ఎవుడు?" నాయన మెడనరాలు ఉబ్బాయి.

"దుమ్ముకు భయపడేటోళ్లు ఎవురైనా మూస్తారు. మనూరోళ్లకు నీళ్ల సంగతి ఏం తెలుసు" అని మామ రెండో తలుపు దగ్గర కూర్చున్నాడు.

ఎనిమిది బెజ్జాలూ తెరుచుకున్నాయి. ఎనిమిది పేలికలూ మామ జేబులోకి పోయాయి. అవ్వ వసారా దిగివచ్చి ఆ ఎర్రనీళ్లను కాలితో తట్టి చూసింది. ఆయమ్మ లేదు, తుప్పు ఉంది. నాయన మొదటిసారి నవ్వాడు. అమ్మ మూట తీసుకురమ్మన్నాడు. మామ మాత్రం ఇంకోసారి పిండి చల్లమని నాకు చెప్పి, ముందు అద్దం మీద నీళ్లు పోశాడు. తలుపుల దగ్గర పిండి పొడిగా ఉంది. నడిపేవాళ్లు కాళ్లు పెట్టే చోట మాత్రం పైనుంచి చుక్కలు పడి తెల్లపిండిలో గుంటలు పడ్డాయి. ఆ చుక్కలు పడేది సరిగ్గా వైర్ల కట్ట మీదినుంచి.

మామ ముందుభాగం తెరిచి చూశాడు, కింద దూరి చూశాడు, అద్దం చుట్టూ రబ్బరు నొక్కి చూశాడు. దోవ దొరకలేదు. ఆకాశం మళ్లీ నల్లబడింది. లోపల అమ్మ మూలిగిన శబ్దం వచ్చింది. నాయన ఇట్లాగే పోదామన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు.

"వైర్ల మీద నీళ్లు పడినాయంటే ఇంజను ఆగిపోతాది. ఆగేది యాడ ఆగుతుందో చెప్పలేను. వంకలో ఆగితే?"

నేను చూరు కింద గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. వంక మధ్యలో కారు, కారులో అమ్మ, ఆమె చెయ్యి కడుపు మీద. అదంతా నాకు కనబడుతోంది. ఆ తొమ్మిదోది ఎక్కడుందో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. నోరు తెరవాలనుకుంటున్నాను. నా చెంప ముందుగానే మండుతోంది.

మామ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నావైపు చూడలేదు. గోడతో మాట్లాడినట్టు అన్నాడు.

"నేను వెతికితే రెండు దినాలు పడతాది. మూసినోళ్లకు తెలిసింటాది." తర్వాత అవ్వను మంచినీళ్లు అడిగాడు. చెంబు తీసుకుని దొడ్డిగోడ దాకా నడిచి, మాకు వీపు పెట్టి, గుక్కగుక్కకూ ఆగుతూ తాగాడు. అంత నిదానంగా నీళ్లు తాగిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నాయన మళ్లీ కారు కిందికి దూరాడు. బయటికి ఆయన పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. ముఖంతో చెప్పలేని మాట పాదాలతో చెప్పొచ్చనిపించింది. దగ్గరికి పోయి కూర్చున్నాను.

"నాయనా, ఇంగోటి ఉండాది."

పాదాలు కదలడం ఆగిపోయింది.

"చక్రం ఎనక రబ్బరు గొట్టం ఉండాది సూడు. దాంట్లో గూడా పెట్టినా. అన్నీ నేనే పెట్టినా."

ఆయన బయటికి వచ్చాడు. వీపు నిండా బురద. నేను కళ్లు గట్టిగా మూసుకుని చెంప కొంచెం ముందుకు పెట్టాను, తొందరగా అయిపోతే మేలని. ఏమీ పడలేదు. వసారాలోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఎందుకు మూసినావే?"

"నీకు దగ్గు వస్తాదని."

నేను కళ్లు తెరిచేసరికి నాయన నా ఎదుట గొంతుక్కూర్చుని ఉన్నాడు. కోపంగా లేడు. ఎవరో తనను కొట్టినట్టు ఉన్నాడు.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పల్యా?"

"మర్సిపోయినా. ఇప్పుడు కొడ్తావని చెప్పల్యా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత, అవ్వకు వినబడనంత చిన్నగా, "ఆ చక్రం కాడ చెంబు పెట్టింది నువ్వేనా" అని అడిగాడు. ఒకటే నాదన్నాను. రెండోది ఎవరిదో తెలియదన్నాను.

"రెండోది నాది" అన్నాడు నాయన.

అప్పుడు ఏడ్చాను. అన్ని రోజులూ ఒకే ఇంట్లో, ఒకే కారుకు, ఒకరికి తెలియకుండా ఒకరం నీళ్లు పెట్టుకుంటూ వణికిపోయాం. ఒక్క మాట అనుకుని ఉంటే ఇద్దరికీ సగం భయం తగ్గేది.

మామ అప్పుడే నీళ్లు తాగడం ముగించి, మూతి తుడుచుకుంటూ, ఏమీ ఎరగనివాడిలా వచ్చాడు. నాయన గొట్టం చూపించాడు. ముందు అద్దం కింద పడిన వాననీళ్లు బయటికి పోయే గొట్టమట అది. తారు ఉండ లాగగానే దోసెడు నీళ్లు చక్రం మీదుగా కారిపోయాయి. మూడోసారి ముగ్గు చల్లాను. ఈసారి నా వేళ్లు వణకలేదు. మామ పది చెంబులు పోశాడు. పిండి పిండిలాగే ఉంది. వైర్లను పొడిగుడ్డతో ఒత్తి, ఇంక ఎక్కమన్నాడు.

అమ్మ ఆ తెల్లటి ముగ్గు మీదే కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పక్కన అవ్వ, ముందు నాయనకూ మామకూ మధ్య నేను. వంక దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్లు చక్రాల నడుముదాకా ఉన్నాయి. నాయన ఆగకుండా దింపాడు. నేను చెవులు రిక్కించి విన్నాను. ఇంజను మోత, బయట నీళ్ల మోత, అమ్మ మూలుగు. లోపల నీళ్ల శబ్దం లేదు. అయినా ఒడ్డు ఎక్కేదాకా నా గోళ్లు మామ పంచెలోనే ఉన్నాయి. ఆయన రాజంపేటలో దిగుతూ నా గుప్పిట్లో ఏదో పెట్టాడు. తారుముద్దలు తీసేసిన తొమ్మిది ఆకుపచ్చ పేలికలు.

"మీ అమ్మకు దుమ్ము రాకుండా కావాలంటే తడిగుడ్డ ముక్కుకు కట్టు పాపా. బెజ్జాలు మూయొద్దు" అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు.

మరునాడు పొద్దున కడపలో తమ్ముడు పుట్టాడు. పుట్టగానే ఆసుపత్రి అదిరేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని అవ్వ, నాయన, నేను ముగ్గురం నవ్వాం. నాయన ఆ తర్వాత నన్ను ఎప్పుడూ కొట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధం అవుతుంది. ఒకటి రెండుసార్లు తగిలాయి. కానీ కొట్టే ముందు ఆయన తన చెయ్యి ఒకసారి చూసుకునేవాడు, ఆ చూపులో చాలాసార్లు కోపం దిగిపోయేది.

ఆ తమ్ముడికి ఇప్పుడు మనవళ్లు. వాడి కారు కూడా మొన్న వానలకు లోపల తడిసి వాసన వేసింది. బాగుచేసే చోట అత్తరు లాంటిదేదో చల్లి పంపించారు. నేను మోకాళ్లు పట్టుకుంటూ నేల మీద కూర్చుని, జడపిన్నుతో తలుపు అడుగు బెజ్జాల్లో ఎండుటాకుల ముద్ద లాగేశాను. తర్వాత ముగ్గుపిండి తెమ్మన్నాను. వాడు నవ్వాడు గానీ తెచ్చాడు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. తరగతిలో ఏదో ఒకటి పగిలేది, ఏదో ఒకటి పోయేది, ఎవరో ఒకరిని ఎవరో ఏడిపించేవాళ్లు. ఎవరు చేశారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. బెత్తం పట్టుకుని అడిగితే ఆ చిన్న గొంతుల్లో తారు ఉండ పడుతుందని నాకు తెలుసు. చేసినవాళ్లకు తెలిసి ఉంటుందని గోడకు చెప్పినట్టు చెప్పి, మంచినీళ్లు తాగొస్తానని బయటికి పోయి, వాళ్లకు వీపు పెట్టి నిలబడేదాన్ని. కొన్నిసార్లు వెనకనుంచి చిన్న అడుగుల చప్పుడు వచ్చేది, కొన్నిసార్లు చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. ఆ గ్లాసెడు నీళ్లను మాత్రం నేను ఏనాడూ గబగబా తాగలేదు.